‘అయిందా?’ అంటే ‘ఇంకా కాలేదు’

మా ఎస్టోనియా భాషలో వైకె అంటే నిశ్శబ్దం. ఆ పేరు పెట్టిన తల్లి ఏం కలగందో గానీ, లెపసాలు ఇంటిపేరు గల ఈ వైకె ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఆ పేరుకు నీళ్లొదిలేసింది. బళ్లో కబుర్లు చెప్పిందని మూల నిలబెడితే గోడతో కబుర్లు చెప్పేది. పెద్దయ్యాక బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతూ, మిషన్ల రొదను మించి చివరి బల్ల దాకా వినపడేలా మాట్లాడి గొంతు పెంచుకుంది. దేశం స్వతంత్రమై ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది చేతులకు పని పోయింది, నోరు మాత్రం పదునుగానే ఉంది. ఉన్నదాంతోనే బతకాలి కాబట్టి, టాలిన్ పాత ఊరిని కాలినడకన తిప్పి చూపించే పనిలో చేరింది. ఇప్పుడామెకు అరవై ఏడు. ఇంకా తిప్పుతూనే ఉంది.

ఆమె చెప్పే చరిత్ర నమ్మి పరీక్ష రాస్తే ఎవరూ గట్టెక్కరు. ఏ గోడ ఎవరు కట్టారో గుర్తు రాకపోతే డెన్మార్క్ వాళ్లు కట్టారంటుంది, ఎవరు కూలగొట్టారో గుర్తు రాకపోతే స్వీడన్ వాళ్ల మీదికి తోసేస్తుంది. వాళ్లు లేచొచ్చి కాదనరు కదా అని ధీమా. నడిపించడంలో మాత్రం ఆమెకు సాటి లేరు. మా రాళ్ల వీధుల్లో ఏ రాయి తడిస్తే జారుతుందో, ఏ గుమ్మం ముందు మోకాళ్లనొప్పుల వాళ్లను కూర్చోబెడితే ఇంటివాళ్లు కసరరో ఆమె పాదాలకు తెలుసు. “ఊరిని కళ్లతో ఎవరైనా చూస్తారు, మీరు అరికాళ్లతో చూడండి” అని ముందే చెప్పేస్తుంది.

కొండ మీది ఊరి నుంచి కిందికి దిగడానికి రెండు దారులు. ఒకదాని పేరు పొడుగు కాలు, ఇంకోదాని పేరు పొట్టి కాలు. అందుకే టాలిన్ కుంటుతుందని ఇక్కడ పసిపిల్లలు కూడా వేళాకోళం చేస్తారు. ఆ మాట చెప్పి వైకె తన ఎడమ మోకాలు పట్టుకుని నాలుగడుగులు కుంటి చూపిస్తుంది. ఈమధ్య అందులో నటన తగ్గింది.

పాత ఊరిని ఇంతలా నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి కాపురం మాత్రం ఊరి శివార్లలో, లాస్నమ్యె కాంక్రీటు డబ్బాల్లో, తొమ్మిదో అంతస్తులో. భర్త ఫిన్లాండ్‌లో పనికని ఓడెక్కి, అక్కడ పనితో పాటు ఒక ఇల్లు, అందులో ఒక ఆవిడ కూడా దొరికేసరికి ఉండిపోయాడు. ఆ సంగతి ఎత్తితే, సగం కట్టి వదిలేసిన గోడలు మా ఊళ్లో బోలెడున్నాయి, అందులో ఇదొకటి అని నవ్వేస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక మాట్లాడుకోవడానికి రేడియో తప్ప తోడు లేదన్న సంగతి మాత్రం, అంత వాగుడుకాయా, ఎవరితోనూ అనలేదు.

హెల్దుర్ ఆమె జీవితంలోకి నిచ్చెన మీద నుంచి దిగాడు. ఆరోజు గిలకబావి వీధిలో, పై అంతస్తు కిటికీ మూసేసిన ఇంటి ముందు గుంపును నిలబెట్టి దయ్యం పెళ్లి కథ చెబుతోంది. చేతిలో చిల్లిగవ్వ లేని ఇంటాయన ముక్కూమొహం తెలియనివాడికి విందు చేసుకోమని మేడ అద్దెకిస్తాడు, తీరా చూస్తే అది సైతాను పెళ్లి. కథ పాకాన పడింది. “అప్పుడు పైనుంచి దిగాడు...” అని వైకె గొంతు తగ్గించేసరికి, పక్కింటి కప్పు మీద నుంచి నిలువెల్లా మసితో ఒక మనిషి నిచ్చెన దిగుతూ కనపడ్డాడు. జర్మనీ నుంచి వచ్చిన ఆడవాళ్లిద్దరు కెవ్వుమన్నారు. ఆ మనిషి టోపీ తీసి, పొగగొట్టం దులపడానికి వచ్చానండీ అని చెప్పి, బ్రష్షు భుజాన వేసుకుని తన దారిన తను పోయాడు.

మరుసటి శనివారం గుంపు చివర నిలబడి ఉన్నాడు. ఆపై ప్రతి శనివారం.

పొగగొట్టాలు దులిపేవాడి నల్లకోటు మీది ఇత్తడి గుండీ ముట్టుకుంటే అదృష్టమని మావాళ్ల నమ్మకం. హెల్దుర్ వీధిలో వెళుతుంటే బ్యాంకు మేనేజర్లు కూడా ఏమీ ఎరగనట్టు పక్కకొచ్చి తాకి పోతారు. ముట్టుకోవడానికి వచ్చినవాళ్లను కాదనడం ఆ వృత్తిలో మహాపాపం, కొంపలంటుకున్నా ఆగాల్సిందే. వైకె తన గుంపులను ఎగదోసి మరీ ఆయన గుండీలు తాకించేది, తను మాత్రం తాకేది కాదు. నా అదృష్టానికి మసి అంటించుకోను అనేది. ఆయన “మీ ఇష్టం” అనేవాడు. ఆయన మాటలు అంతే. నెలకు సరిపడా మాటలు జేబులో వేసుకుని బయల్దేరి, సగం మిగుల్చుకుని ఇంటికి చేరే రకం.

నడక ముగిశాక ఇద్దరూ ఒక చిన్న హోటల్లో కూర్చుని, నల్లరొట్టె మీద ఉప్పుచేపలు పెట్టుకుని తిని, కాఫీ తాగేవాళ్లు. ఆమె మాట్లాడేది, ఆయన వినేవాడు. మూడేళ్లు ఇదే వరస, మూడేళ్లూ “మీరు”, “గారు”. మావాళ్లు “నువ్వు”లోకి దిగడానికి అంత సమయం పడుతుంది. కొందరు మొగుడూ పెళ్లాలు ఇంకా దారిలోనే ఉన్నారు.

మొన్న అక్టోబరులో ఒక శనివారం హెల్దుర్ రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసి, స్టేషన్ అవతల కలమాయ పేటలో తన ఇంటి పొయ్యి కట్టడం పూర్తిచేశానన్నాడు. గోడంత ఎత్తు, పలకల పొయ్యి, రెండు గదులకూ వేడి వస్తుంది. వైకె వెంటనే అందుకుని స్వీడన్ వాళ్ల పొయ్యిల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఊపిరి పీల్చుకునే దాకా ఆయన ఓపిక పట్టాడు.

“రెండో గదిలో ఎవరూ లేరు. విల్యాండిలో ఉండే మా అక్క అక్కడికి వచ్చేయమంటోంది. వచ్చే శనివారం సాయంత్రం రైలుకు వెళ్లిపోదామనుకుంటున్నాను, ఇక అక్కడే ఉండిపోతాను. మీరు ఆ గదిలోకి వస్తానంటే వెళ్లను. తొందరేం లేదు, వారం రోజులు ఆలోచించుకోండి. ఆలోచించడం అయిందా అని ఆరోజు వచ్చి అడుగుతాను. ఒక్కసారే అడుగుతాను వైకె గారూ. రెండోసారి అడిగే అలవాటు నాకు లేదు.”

మూడేళ్లలో ఆయన అన్ని మాటలు ఒక్కపెట్టున మాట్లాడటం అదే మొదలు. చెప్పేసి మిగిలిన రొట్టె తినేశాడు.

వైకెకు వారం అక్కర్లేదు, బస్సు వచ్చేలోపే తేల్చుకుంది. ఇంటికెళ్లి రేడియో కట్టేసి, దానికే ముందు చెప్పింది, ఆలోచించడం అయిందని. తెల్లారి అద్దం ముందు కూడా ఒకసారి అని చూసుకుంది. ఒక్క మాటే కదా, దానికింత సాధన ఏమిటని తనను తనే తిట్టుకుంది.

శనివారం పార్ను నుంచి పింఛనుదారుల గుంపు వచ్చింది. వాళ్లకు పెద్ద లెయిలి అనే ఎనభయ్యేళ్ల ఆవిడ. చేతికర్రను నడవడానికి తక్కువా, జనాన్ని అదలించడానికి ఎక్కువా వాడుతుంది. వైకె ఆరోజు మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో. లావు మార్గరెట్ బురుజు గురించి చెప్పాల్సింది ‘వంటింట్లోకి తొంగిచూసేది’ అని పేరున్న ఇంకో బురుజు దగ్గర చెప్పింది. మాటిమాటికీ గుంపు చివరికి చూసింది. హెల్దుర్ జాడ లేదు. దయ్యం పెళ్లి కథను పెళ్లి లేకుండానే ముగించేసింది. లెయిలి పక్కవాళ్లతో, ఈ అమ్మాయికి పొయ్యి మీద పాలేమైనా ఉన్నాయా అంది.

ఎంత తొందరలో ఉన్నా చివరి మజిలీ విరు ద్వారం, చివరి కథ చెరువు ముసలాడిది. అది మానితే నడక పూర్తయినట్టు కాదు. ఊరికి ఎగువన ఉలెమిస్తె చెరువులో ఒక ముసలాడుంటాడు. ఏటా ఆకులు రాలే రోజుల్లో, చీకటి పడ్డాక గట్టు దిగొచ్చి ద్వారం తడతాడు. “ఊరు అయిందా?” అంటాడు. కావలివాడు “ఇంకా కాలేదు, బోలెడు పనుంది, ఏళ్లు పడుతుంది” అనాలి. ముసలాడు తలొంచుకుని గొణుక్కుంటూ వెనక్కి పోతాడు. ఎవడైనా నోరుజారి ‘అయింది’ అన్నాడా, చెరువంతా తెచ్చి ఊరి మీద గుమ్మరిస్తాడు. మా ఊళ్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక వీధి తవ్వి పెట్టి ఉండటానికి కారణం అదేనంటారు. తవ్వేవాళ్లను తిడితే, మిమ్మల్ని కాపాడుతున్నాం అంటారు.

అందరికీ ఇది వేళాకోళం. వైకెకు ముప్ఫై ఏళ్లుగా రోజూ చెప్పి చెప్పి ఒంటికి పట్టిపోయింది. పాత ఊరి కోటగోడల లోపల ఉండగా ‘అయింది’ అనే మాట ఆమె నోట రాదు. హోటల్లో భోజనం అయిందా అని అడిగితే “ఇంచుమించు” అంటుంది.

పార్ను వాళ్లను వరసగా నిలబెట్టి, వీధి వైపు వీపు పెట్టి, గుంపుకు దారి చూపే గొడుగు చేతపట్టుకుని పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు అడిగినా, ఎలా అడిగినా, జవాబు ఒకటే, తడుముకోకూడదు అంది. ముసలాడిగా ఎవరు చేస్తారని అడగబోయేంతలో వెనక నుంచి మగగొంతు ఒకటి మెల్లగా వినపడింది.

“అయిందా?”

గొడుగు దానంతటదే లేచింది, గొంతు దానంతటదే తెరుచుకుంది.

“ఇంకా కాలేదు. బోలెడు పనుంది. ఏళ్లు పడుతుంది.”

గుంపంతా ఆమెతో గొంతు కలిపింది. చప్పట్లు కూడా కొట్టారు. వైకె అలవాటుగా వంగి దండం పెట్టింది. ముసలాడి వేషం కట్టిన మనిషికి కూడా చప్పట్లు కొట్టిద్దామని వెనక్కి తిరిగితే పూలమ్మేవాళ్లు తప్ప ఎవరూ లేరు.

“భలేవాణ్ణి తెచ్చావమ్మాయ్,” అంది లెయిలి. “తలొంచుకుని, గొణుక్కుంటూ, అచ్చం చెరువు ముసలాడిలాగే వెళ్లిపోయాడు. మసికోటు వేసుకొచ్చినా గుండీలు మాత్రం తళతళా తోముకొచ్చాడు చూడు.”

వైకె చేతిలో గొడుగు కిందికి జారింది. హెల్దుర్ ఏనాడూ గుండీలు తోమడు, జనం వేళ్లే తోముతాయంటాడు. ఈరోజు తోముకొచ్చాడు. అలవాట్లో పొరపాటు అని ఎక్కడైనా అంటారు గానీ, ఇలాంటి పొరపాటు మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరగదు. పాపం, వారమంతా దాచుకున్న జవాబు నాలుక మీద ఉండగానే, ముప్ఫై ఏళ్ల జవాబు దాన్ని తోసుకుని బయటికొచ్చేసింది. ఆయన ఒక్కసారే అడుగుతానన్నాడు. అడిగేశాడు, ఎక్కడ నిలబడి అడుగుతున్నాడో కూడా మరిచిపోయి.

ఏమైందని లెయిలి నిలదీస్తే వైకె సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. రెండే ముక్కల్లో ఆమె ఒక సంగతి చెప్పడం చూసినవాళ్లు లేరు. పార్ను ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. లెయిలి కర్రతో రాతినేల మీద కొట్టింది.

“మరి ఇంకా నిలబడ్డావేం? స్టేషన్ ఎటు? నడిపించు.”

అలా ఆరోజు పాత ఊరిని అడ్డంగా, తూర్పు నుంచి పడమరకు, పరుగున చూసింది పార్ను పింఛనుదారుల గుంపు. ముందు వైకె, ఒక కాలు పొడుగు ఒక కాలు పొట్టి అయినట్టు కుంటుతూ. వెనక అందరూ. నోరు ఊరుకోదు కదా, రొప్పుతూనే, ఎడమ పక్కది వర్తకుల ఇల్లు, డెన్మార్క్ వాళ్లు కట్టారు, కుడిపక్క చూడక్కర్లేదు అంటూ పోయింది. వేయించిన బాదంపప్పు అమ్మే పిల్ల, ఇప్పుడే ఇటు వెళ్లాడు, నేనూ ముట్టుకున్నా అంది సంబరంగా. టౌన్‌హాల్ మైదానంలో ఇద్దరు పోలీసులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నారు. వాళ్లను అడగక్కర్లేకపోయింది. గుండీ ముట్టుకున్నవాళ్ల మొహాలు ఇట్టే తెలిసిపోతాయి. ఆ మొహాలు ఎటుంటే అటు నడిచింది వైకె. మూడేళ్లుగా తను వేళాకోళం చేసిన అదృష్టమే ఇవాళ ఆయన్ను అడుగడుగునా ఆపుతోందని తోచి, ఇంకాస్త మందిని పంపించు దేవుడా అని మనసులో మొక్కుకుంది.

పంపించాడు. పొడుగు కాలు దారి మొదట్లో, బురుజు కింద, ఒక పెళ్లివారి గుంపు హెల్దుర్‌కు అడ్డం పడింది. పెళ్లిరోజున పొగగొట్టాలవాడు ఎదురుపడితే ఇక వదులుతారా? చుట్టాలంతా వరస కట్టారు. మావాళ్లు నిప్పంటుకున్నా వరసలోనే పారిపోతారు. ఆ వరస ముందు హెల్దుర్, ఒక చేత్తో సంచి పట్టుకుని, లోకమంతటికీ అదృష్టం పంచుతూ, దిగులు మొహంతో నిలబడి ఉన్నాడు.

ఇంత పరుగెత్తుకొచ్చిన వైకె, తీరా వచ్చి వరస చివర నిలబడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి. లెయిలి ఆమె వీపు మీద కర్ర ఆనించి ముందుకు తోసింది. పెళ్లికొడుకు మేనమామ ఏదో అనబోతే, కర్ర అటు తిరిగింది.

వైకె చెయ్యి చాచి, గుండె మీది గుండీని గుప్పెట్లో పట్టుకుంది. చాలా మంది వేలితో తాకి వదిలేస్తారు. ఆమె వదల్లేదు. హెల్దుర్ ఆ చెయ్యి వంక చూశాడు.

“మసి అంటుతుంది, వైకె గారూ,” అన్నాడు.

చెప్పాల్సింది ఒక్క మాట. నోరు తెరిచింది. రాలేదు. ఊపిరి అందక కొంత. మిగతాది మీరు నవ్వినా నవ్వండి, అక్కడ ఇంకా గోడల లోపలే ఉన్నారు. వాళ్లకు పైన బురుజు, చుట్టూ ఊరు, ఎగువన నిండుగా చెరువు. ఆ మాట ఇక్కడ ఎలా అంటుంది? ఇంకొకరైతే వేరే మాట వెతుక్కునేవాళ్లు. ఆయన అడిగింది ఆ మాట, ఆమె వారమంతా నోట్లో పెట్టుకున్నదీ ఆ మాటే. ఇంకోటి చాలదనిపించింది.

“ఇక్కడ కాదు,” అని మాత్రం అనగలిగి, గుండీ పట్టుకునే లాక్కెళ్లింది. నాకింకా వంతు రాలేదని పెళ్లికూతురు గునిసింది. సన్యాసినుల వీధి పొడవునా హెల్దుర్ పక్కవాటుగా, గుండీ తెగుతుందేమోనన్న భయంతో ఆమెకు దగ్గరగా నడిచాడు. వెనక పార్ను గుంపు, దాని వెనక ఏం చేయాలో తోచని పెళ్లి చుట్టాలు. గోడ దాటారు. ఎదురుగా రోడ్డు, అవతల స్టేషన్. వైకె వెనక్కి తిరిగి, బురుజులూ గోడా తమకు వెనకే ఉన్నాయని ఒకసారి చూసుకుంది.

“అయింది,” అంది.

హెల్దుర్ నింపాదిగా టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన పద్ధతే అంత గానీ, ఆ కాసేపట్లో వైకెకు అరవై ఏడు కాస్తా ఎనభై అయింది.

“నేను రెండోసారి అడగలేదే,” అన్నాడు చివరికి.

“మొదటిసారి అడిగావు చూడు, దానికే ఇది. ఇందాకటిది ఊరి జవాబు. ఇది నాది.”

“అడిగావు” అంది. మూడేళ్లలో మొదటిసారి. అది ఆమె గమనించలేదు, ఆయన గమనించాడు. మసి పట్టిన ముడతల్లో మొహం మెల్లగా విచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. జల్లు కాదు, కుండపోత. నాలుగడుగులు దాటొచ్చి అన్నా వదల్లేదు ముసలాడు అని లెయిలి గొడుగు కోసం కేకేసింది. పెళ్లివారు బురుజు కిందికి పరుగెత్తారు. వీళ్లిద్దరికీ గొడుగు ఉంది, వైకె చంకలోనే ఉంది, తెరవాలని ఇద్దరికీ తోచలేదు.

“పద,” అన్నాడు హెల్దుర్. “తడిసిపోతున్నావు. ఇల్లు వెచ్చగా ఉంది, పొద్దున్నే పొయ్యి రాజేసి వచ్చాను. రేపటిదాకా వేడి ఉంటుంది, రెండు గదుల్లోనూ.”

వైకె ఆగింది. “రైలెక్కి వెళ్లిపోయేవాడివి, పొయ్యి ఎందుకు రాజేశావు?”

ఆయన తడిసిన గుండీలను మోచేత్తో తుడుచుకుంటూ, తోవలో ఏ రాయి జారుతుందా అన్నట్టు నేల చూశాడు. వైకె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాన కాబట్టి సరిపోయింది.

స్టేషన్ లోపలికి వెళ్లకుండా, పక్క నుంచే నడిచి కలమాయ వైపు తిరిగారు. దారి పొడవునా పాత చెక్క ఇళ్లు, ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క కథ. వైకె ఏ ఇంటి గురించీ ఒక్క ముక్క చెప్పలేదు. తల్లి పెట్టిన పేరు ఇన్నేళ్లకు నిజమైంది, హెల్దుర్ గుమ్మం దాకా.